సూదమ్మ శనివారాలు

ఆమెకు సూదమ్మ అని పేరు పెట్టింది హైస్కూలు పిల్లలు. అంతకుముందు వీధిలో అందరూ ఆమెను మేట్రన్ గారు అనేవాళ్లు. ఆసుపత్రిలో ఆమె కింద పనిచేసిన నర్సులు చాటుగా ఏమనుకునేవాళ్లో తెలియదు గానీ, ఆమె మెట్లెక్కే చప్పుడు వినిపిస్తే మంచాల మీది దుప్పట్లు వాటంతట అవే సర్దుకుంటాయని నవ్వుకునేవాళ్లట.

ఆమె బతుకంతా ప్రసూతి వార్డులోనే గడిచింది. నొప్పులతో అరిచే ఆడవాళ్లను కసరడం తన ఉద్యోగంలో ఒక భాగమనుకుంది. "అరిస్తే బిడ్డ బయటికి రాదు. నోరు మూసుకుని పని చూడు," అనేది. మాట వినకపోతే తొడ మీద ఒకటి చరిచేది. భయపడిన ఒళ్లు చెప్పినట్టు వింటుందని ఆమె గట్టి నమ్మకం. చచ్చిన బిడ్డను కన్న తల్లుల దగ్గర మాత్రం ఆ నోరు లేచేది కాదు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చునేది. ఓదార్చేది కాదు, చెయ్యి పట్టుకునేది కాదు, ఊరికే కూర్చునేది. ఆ సంగతి ఆ తల్లులకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లకేమో దాన్ని గుర్తుపెట్టుకునే ఓపిక ఉండేది కాదు.

ఇంట్లో ఉన్నది చెల్లెలు ఒక్కతే. తల్లి పోయేనాటికి చెల్లెలికి పాలపళ్లు కూడా ఊడలేదు. అక్కే జడలు వేసింది, అన్నం పెట్టింది, అక్షరాలు దిద్దించింది. చిన్నతనంలో ఆ పిల్లకు మూర్ఛలు వచ్చేవి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటి నురగ తుడిచి, తడిసిన పక్క మార్చిన చెయ్యి అక్కదే. ఈడు వచ్చేసరికి మూర్ఛలు వాటంతట అవే పోయాయి. అక్క భయం మాత్రం పోలేదు. రోజూ దీపం ఆర్పుతూ, "నేను లేకపోతే నిన్నెవరు చూస్తారే, పిచ్చిదానా," అనేది. మొదట్లో ఆ మాటలో ప్రేమ ఉండేది. అన్నదే అనగా అనగా ప్రేమ అరిగిపోయి మాట మిగిలింది.

ఒకప్పుడు చెల్లెలికి ఒక సంబంధం వచ్చింది. ఆసుపత్రి మందుల గదిలో పనిచేసే మనిషి, మెత్తటివాడు. అక్కకు మధ్యాహ్నం అన్నం తెచ్చే చెల్లెలిని చూసి ఇష్టపడి, ఒక ఆదివారం తనే ఇంటికి వచ్చి అడిగాడు. చెల్లెలు తలుపు వెనక టీ కప్పులతో నిలబడి ఉంది. అక్క అతన్ని కూర్చోబెట్టి, "దానికి మూర్ఛలున్నాయి. తెలుసా మీకు?" అంది. ఉండేవి అనలేదు, ఉన్నాయి అంది. అతను చల్లారిన టీ తాగి వెళ్లిపోయాడు. మూర్ఛలున్న ఆడవాళ్లు కాన్పు బల్ల మీద పోవడం మేట్రన్ తన కళ్లతో చూసింది, నిజమే. చెల్లెలు వెళ్లిపోతే డ్యూటీ నుంచి రాగానే వేడన్నం పెట్టేవాళ్లు ఉండరన్నదీ నిజమే. ఆ రెంటిలో ఏది ఆ మాట అనిపించిందో ఆమె ఎన్నడూ తరచి చూసుకోలేదు. చెల్లెలు ఏడవలేదు. కప్పులు కడిగి బోర్లించింది.

తర్వాత ఆమె ఇంట్లోనే బట్టలు కుట్టడం మొదలుపెట్టింది. అక్క డ్యూటీకి వెళ్లగానే రేడియో పెట్టుకుని, దానితో కలిసి పాడుకుంటూ మిషను తొక్కేది. పగటిపూట ఆ ఇల్లు చెల్లెలిది. మేట్రన్ రిటైరై ఇంటికి వచ్చి కూర్చున్నాక రేడియో ఆగిపోయింది.

వార్డు లేని మేట్రన్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషినే వార్డు చేసుకుంది. తువ్వాళ్లు వాసన చూసి మళ్లీ ఉతకమనేది. కూర నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని కాసేపు ఉంచుకుని, తీర్పు చెప్పేది. చెల్లెలిని పేరు పెట్టి పిలవడం కూడా మానేసింది. చెంచాతో గ్లాసు మీద రెండుసార్లు టంగు టంగుమని కొట్టేది, చెల్లెలు వచ్చి నిలబడేది. వార్డులో ట్రే మీద కత్తెర కొట్టి ఆయాలను పిలిచిన అలవాటది. "మొహం అలా పెట్టకు, నేనేం నిన్ను కోసుకు తినడం లేదు," అనేది. చెల్లెలు మొహం ఏమీ మార్చేది కాదు. నోట్లో నాలుక లేని మనిషని వీధివాళ్లు జాలిపడేవాళ్లు.

వాళ్ల వంటింటి కిటికీ అవతల, నీళ్ల ట్యాంకు వెనక, పొడుగాటి ఖాళీ స్థలం ఒకటుంది. ఊరివాళ్లు పాత టైర్లు, విరిగిన సింకులు, చచ్చిన పిల్లులు పడేసే చోటు. ఎప్పుడో దానికి కంచె వేసి, రెండు బెంచీలు పాతి, పార్కు అని బోర్డు కట్టారు. తర్వాత ఎవరూ అటు చూడలేదు. ఒక ఏడాది దగ్గర్లోని హైస్కూలు దాన్ని పిల్లల సేవా కార్యక్రమానికి తీసుకుంది. ప్రతి శనివారం పొద్దున ఇరవై, పాతికమంది పిల్లలు పారలు, బుట్టలు, చేతులకు పెద్దవైపోయిన తొడుగులతో దిగేవాళ్లు. వెంట సైన్సు మాస్టారు వచ్చేవాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేనివాడు.

మొదటి శనివారం మేట్రన్ కిటికీలోంచి చూసింది. పిల్లలు నవ్వుకుంటూ, ఒకరి మీద ఒకరు మట్టి పోసుకుంటూ, పని తక్కువ ఆట ఎక్కువగా ఉన్నారు. రెండో శనివారం ఆమె చెప్పులు వేసుకుని వెళ్లింది.

"ఎవరమ్మా ఇక్కడ పెద్ద?" అని అడిగింది.

మాస్టారు చెయ్యెత్తాడు, తరగతిలో పిల్లాడిలా.

"నేను ముప్పై ఏళ్లు వార్డు నడిపాను. ఇలా చేస్తే మీ మొక్కలు వచ్చే జన్మకి పెరుగుతాయి. మీరలా నీడలో కూర్చోండి, నేను చూసుకుంటాను."

మాస్టారు నిజంగానే నీడలో కూర్చున్నాడు. నాలుగు వారాలు తిరిగేసరికి ఆ పార్కు ఆమె చేతికిందికి వచ్చేసింది. మొక్కల గురించి ఆమెకు పెద్దగా తెలిసింది లేదు. గుంత సగం తవ్వితే నిండా తవ్వమనేది, నిండా తవ్వితే పూడ్చమనేది. గన్నేరు కొమ్మలు మోడు దాకా నరికించి, మళ్లీ చిగుళ్లెందుకు రాలేదని పిల్లల్నే తిట్టింది. కానీ చెత్త మాత్రం పోయింది. టైర్లు పోయాయి. వరసలు తిన్నగా వచ్చాయి. వీధివాళ్లు సాయంత్రాలు అటు నడకకు రావడం మొదలుపెట్టి, "మేట్రన్ గారి చలవ," అనేవాళ్లు. ఆ మాట విన్న రోజు ఆమె ఇంట్లో కూరను ఏమీ అనకుండా తినేది.

పిల్లల పేర్లు ఆమె నేర్చుకోలేదు. పొట్టివాణ్ణి బుడ్డి అంది. కళ్లజోడు కుర్రాణ్ణి గుడ్డోడా అంది. చదువులో వెనకబడ్డవాణ్ణి మొద్దు అంది. అందరికంటే సన్నంగా ఉన్న పిల్లను పుల్ల అంది. ఆ పేర్లు పార్కులో ఆగలేదు. స్కూలు దాకా వెళ్లాయి. మొద్దు అనిపించుకున్న పిల్లాడు ఏడాది మధ్యలో స్కూలే మారాడు. ఆ సంగతి ఆమె చెవిన పడ్డా, "పోనీ, పార పట్టుకోవడం కూడా రాదు వాడికి," అని ఊరుకుంది. మాటల్ని చర్మంలోకి దించే తీరు చూసి పిల్లలు ఆమెకు సూదమ్మ అని పెట్టుకున్నారు.

పుల్ల మాత్రం ఆమెను చూసి బెదిరేది కాదు. తల వంచుకుని పని చేసుకుపోయేది. నిజానికి ఆ పిల్లకు ఆ పని ఇష్టం. వానపాము కనిపిస్తే అరచేతిలో పెట్టుకుని చూసేది. తను నాటిన మొక్కను వెళ్లేముందు ఒకసారి తాకి వెళ్లేది. అందరిలో బాగా పనిచేసేది అదేనని మేట్రన్‌కు తెలుసు. తెలుసు కాబట్టే అన్నిటికంటే బరువు పని దానికే చెప్పేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక శనివారం పుల్ల ఆమె దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో, "మేడమ్, కడుపులో నొప్పిగా ఉంది. ఇంటికెళ్లొచ్చా?" అంది.

"ఏం నొప్పి?"

పుల్ల చుట్టూ చూసింది. మగపిల్లలు నాలుగడుగుల దూరంలో ఎరువు బస్తాలు దించుతున్నారు. "నొప్పి, మేడమ్," అంది మళ్లీ.

మేట్రన్‌కు అర్థమైంది. అర్థమయ్యే, గొంతు పెంచింది. "ఓహో, ఆ నొప్పా. ప్రపంచంలో నీకొక్కదానికే వస్తుందనుకున్నావా? నెల నెలా ఆడదానికి వచ్చేదే. దానికి సెలవు కావాలా? నేను చూసిన నొప్పులు చూస్తే నువ్వు చస్తావు. పో, ఆ బస్తా ఆ చివరికి చేర్చు."

మగపిల్లలు పని ఆపి చూశారు. ఒకడు కిసుక్కుమన్నాడు. పుల్ల చెవులు ఎర్రబడ్డాయి. మాస్టారు నీడలోంచి లేచి, మళ్లీ కూర్చున్నాడు. పుల్ల వంగి బస్తాను ఒళ్లోకి ఎత్తుకుని నడిచింది. పార్కు చివరికి చేరేసరికి ఆమె లేతరంగు యూనిఫారం వెనక మరక అందరికీ కనిపిస్తోంది. చెప్పేవాళ్లు లేక ఆ పిల్ల అలాగే తిరిగి వచ్చింది, ఇంకో బస్తా కోసం. అప్పుడు కళ్లజోడు కుర్రాడే తల తిప్పుకుని, "చూసుకో," అన్నాడు. పుల్ల వెనక్కి చెయ్యి పెట్టి చూసుకుని, బెంచీకి వీపు ఆనించి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

వంటింటి తలుపు తెరుచుకుంది. చెల్లెలు ఒక దుప్పటి తెచ్చి పుల్ల చుట్టూ కప్పి, భుజం పట్టుకుని లేపింది. అక్క ముందు నుంచే ఇంట్లోకి నడిపించుకుపోయింది. అక్క ఏదో అనబోయింది. చెల్లెలు ఆగలేదు.

ఇంట్లో ఆ పిల్లకు నీళ్లు పెట్టింది, తన బట్టలు ఇచ్చింది, వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి కడుపు మీద పెట్టింది. యూనిఫారం తనే ఉతికి, ఆరేదాకా ఆ పిల్లను కుట్టు మిషను పక్కన కూర్చోబెట్టుకుంది. పుల్ల చాలాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది, "మీరెలా ఉంటారండీ, ఆవిడతో?"

చెల్లెలు సూదిలో దారం ఎక్కిస్తూ, "చూపించనా?" అంది.

ఏం చూపించిందో, ఎంతసేపు చూపించిందో మేట్రన్‌కు అప్పుడు తెలియదు. బయట ఆమె మిగతా బస్తాలు మోయిస్తూ ఉంది. లోపలి నుంచి నవ్వు వినిపించినట్టయి, తమ ఇంట్లో నవ్వేవాళ్లెవరున్నారని, పక్కింటి రేడియో అనుకుంది.

ఆ తర్వాత పుల్ల చెల్లెలి దగ్గరికి తరచూ వచ్చేది. మేట్రన్ మధ్యాహ్నం నిద్రలో ఉండగా వచ్చి, ఆమె లేచేలోపు వెళ్లిపోయేది. పార్కులో ఎప్పటిలాగే తల వంచుకుని పని చేసేది. దెబ్బ తగిలితేనే దారికొస్తారని మేట్రన్ లోలోపల సంతోషించింది.

ఏడాది చివర పార్కులోనే ఒక చిన్న సభ పెట్టుకున్నారు. పుల్ల వచ్చి, చేతులు కట్టుకుని, "మేడమ్, మీరు ముందు వరసలో కూర్చోవాలి. మీ గురించి ఒక కార్యక్రమం ఉంది," అంది. మేట్రన్ ముందు చిరాకు నటించింది. తర్వాత వారమంతా చెల్లెలిని ఒక చోట నిలవనివ్వలేదు. ముదురు నీలం బట్టలు తీయించి, ఇస్త్రీ చేయించి, మడత సరిగా రాలేదని మళ్లీ చేయించింది. నాలుగు మాటలు మాట్లాడమంటే ఏం మాట్లాడాలో అద్దం ముందు నిలబడి చూసుకుంది. "పిల్లల్ని తిట్టానంటే వాళ్ల మంచికే," అని మొదలుపెట్టి ఆగింది. ఆసుపత్రిలో రిటైరైన రోజు ఆమె కోసం ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

సభకు వీధంతా వచ్చింది. తల్లిదండ్రులు, దుకాణాలవాళ్లు, ఆసుపత్రిలో ఆమెతో పనిచేసిన ఒకరిద్దరు నర్సులు కూడా ఉన్నారు. ముందు వరస మధ్య కుర్చీలో ఆమె, పక్కన చెల్లెలు. మాస్టారు మైకులో ఆమె పేరు చెప్పి అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. పిల్లలు వెయ్యబోయే నాటిక సంగతి అతనికి తెలుసా అంటే, పిల్లలేదో సరదాగా చేస్తారని మాత్రమే తెలుసు. అంతకుమించి అడగలేదు.

పుల్ల తెల్లకోటు వేసుకుని వచ్చింది. నడుము మీద చెయ్యి, గడ్డం పైకి, కుడి భుజం కొంచెం కిందికి. నోరు విప్పకముందే జనం గొల్లుమన్నారు. ఎదురుగా నలుగురు పిల్లలు ఆకులు కట్టుకుని మొక్కల్లా నిలబడ్డారు. "నువ్వు గుడ్డి మొక్కవి. నువ్వు మొద్దు మొక్కవి. పెరగడానికి సెలవు కావాలా?" అంటూ పుల్ల ఒక్కొక్కరి ముందూ ఆగింది. అదే గొంతు, మాట చివర అదే విరుపు. మేట్రన్ మొహాన నవ్వు అతికించుకుని కూర్చుంది. పిల్లలన్నాక ఇలాంటివి చేస్తారు, ఓర్చుకోవాలి అనుకుంది.

అప్పుడు పుల్ల జేబులోంచి చెంచా తీసి, గాజు గ్లాసు మీద కొట్టింది. టంగు, టంగు. ఒక మొక్క పరుగెత్తుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. పుల్ల ఒక ఆకు తెంపి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఉంచుకుని, ఉమ్మేసింది. తువ్వాలు ఎత్తి వాసన చూసింది. "మొహం అలా పెట్టకు," అంది. జనం పొట్టలు పట్టుకున్నారు. నర్సులు కళ్లు తుడుచుకుంటున్నారు.

మేట్రన్ నవ్వు అక్కడ జారిపోయింది. గ్లాసు ఆమె పార్కుకు ఎన్నడూ తీసుకెళ్లలేదు. తువ్వాలు వాసన చూడడం నాలుగు గోడల మధ్య సంగతి. అవి తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది.

వేదిక మీద పుల్ల ఆ మొక్క తల నిమురుతూ, దీపం ఆర్పినట్టు చెయ్యి విదిలించి, అంది: "నేను లేకపోతే నిన్నెవరు చూస్తారే, పిచ్చిదానా."

ఎవడో ఈల వేశాడు. మేట్రన్ మెడ తిప్పి చెల్లెలిని చూసింది. చెల్లెలు నవ్వడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తను కుట్టిన బట్ట సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునే మనిషిలా, శ్రద్ధగా వేదిక వైపు చూస్తోంది. ఆ తెల్లకోటు కుట్టింది కూడా తనే.

మాస్టారు మైకు తెచ్చి రెండు మాటలు చెప్పమన్నాడు. మేట్రన్ లేచింది. "బాగుంది," అంది. కూర్చుంది. జనం ఆ మాటకు కూడా నవ్వారు, ఇప్పుడు ఆమె ఏమన్నా నవ్వే ఊపులో ఉన్నారు.

ఇంటికి వచ్చాక తలుపు వేసి అడిగింది, "నువ్వే కదూ నేర్పింది?"

"అవునక్కా."

"ఎందుకే? నీకేం తక్కువ చేశాను? ముడ్డి కడిగి పెంచాను నిన్ను."

చెల్లెలు ఇస్త్రీ బట్టలు మడతపెట్టి బీరువాలో పెట్టింది. తలుపు మూస్తూ, మామూలు గొంతుతో అంది, "ఇంకా చాలా ఉన్నాయక్కా. అన్నీ చెప్పలేదు."

కొట్టాలని మేట్రన్ చెయ్యి లేచింది. లేచిన చెయ్యి చెల్లెలు చూసింది, పక్కకు తప్పుకోలేదు. చెయ్యి దిగిపోయింది. మందుల గది మనిషి వచ్చిన ఆ ఆదివారం తలుపు సందులోంచి ఎంత వినిపించి ఉంటుందోనని అక్కకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఆ రోజు నుంచి చెల్లెలు పెట్టిన అన్నం ఆమె మాట్లాడకుండా తింది. గ్లాసు మీద కొట్టలేదు. చెల్లెలు రేడియో పెట్టింది.

తర్వాతి శనివారం తెల్లవారగానే మేట్రన్ పార్కులోకి వెళ్లి, పిల్లలు ఆ ఏడాది నాటిన మొక్కల్ని ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది. మొదటి వాటిని కోపంతో పీకింది. తర్వాత వేళ్లు లోతుకు పోయినవి తగిలి, గోళ్లు విరిగి, మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తూ పీకింది. పీకినవాటిని విసిరెయ్యలేదు. అలవాటు కొద్దీ తిన్నగా ఒక వరసలో పడుకోబెట్టింది. కిటికీలోంచి చెల్లెలు చూస్తూనే ఉంది. ఆపడానికి రాలేదు. పని మొత్తం అయ్యాక ఒక బకెట్టు నీళ్లు తెచ్చి వరస పక్కన పెట్టి, మాస్టారికి చెప్పడానికి స్కూలు వైపు వెళ్లింది.

పిల్లలు వచ్చేసరికి మేట్రన్ అక్కడే నిలబడి ఉంది, చేతులకు మట్టి, మోకాళ్లకు మట్టి. తిడతారని, అరుస్తారని చూసింది. తిరిగి అనడానికి మాటలు కూడదీసుకుంది. వాళ్లేమీ అనలేదు. మాట్లాడొద్దని మాస్టారు ముందే చెప్పాడట. అతను గట్టిగా చెప్పిన మాట అదొక్కటే. పిల్లలు ఆమె పక్క నుంచి, ఒక స్తంభం పక్కనుంచి వెళ్లినట్టు వెళ్లి, మొక్కలు తీసుకుని, బకెట్టులో వేళ్లు తడిపి, మళ్లీ నాటడం మొదలుపెట్టారు. సగానికి పైగా బతకవని వాళ్లకూ తెలుసు.

"పుల్లా," అని పిలిచింది ఆమె.

పుల్ల తలెత్తలేదు.

"ఏయ్, నిన్నే."

పుల్ల పక్కనున్న పిల్లతో, "ఆ పార ఇలా ఇవ్వవే," అంది. అంతే. మేట్రన్ ఎండ నడినెత్తికి వచ్చేదాకా అక్కడే నిలబడి, ఇంటికి వెళ్లింది. మళ్లీ పార్కులో అడుగు పెట్టలేదు.

శనివారాలు చెల్లెలు వెళ్లసాగింది. ఆమె ఎవరినీ ఏమీ అనేది కాదు, పిల్లలతో పాటు కూర్చుని కలుపు తీసేది. వాళ్లు ఆమెను చిన్నమ్మా అని పిలిచేవాళ్లు. చదువులు అయిపోయి ఆ జట్టు చెదిరిపోయింది. పుల్ల పై చదువుకు వెళ్లేముందు వచ్చి చెల్లెలికి చెప్పి వెళ్లింది. గదిలో ఉన్న మేట్రన్‌కు గొంతు వినిపించింది. లోపలికి వస్తుందేమోనని మంచం మీద లేచి కూర్చుంది. చెప్పుల చప్పుడు గుమ్మం దిగి వెళ్లిపోయింది.

ఏళ్లు గడిచాయి. షుగరు వచ్చి మేట్రన్ కళ్లు మసకబారాయి, కాళ్లు మొద్దుబారాయి. స్నానానికి, అన్నానికి చెల్లెలే దిక్కు. చెల్లెలు ఏ పనీ తప్పించేది కాదు. తలంటి పోసేది, మందులు వేళకు ఇచ్చేది. మాట మాత్రం అవసరమైనంతే. మంచం మీద మనిషికి చేసే పనులన్నీ తప్పు లేకుండా చేస్తూ, ఆ మనిషితో ఒక్క ముక్క మాట్లాడకపోవడం ఎలాగో ఆమె బాగా నేర్చుకుంది.

అప్పటికి స్కూలు సేవా కార్యక్రమం పెద్దదైంది. పార్కు పని ఒక జట్టుది. ఇంకో జట్టు ఇళ్లలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి గంటసేపు తోడు కూర్చునేది. చెల్లెలు అక్కను అడగకుండానే ఆమె పేరు ఇచ్చింది. ఒక శనివారం పొద్దున ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు తలుపు తట్టారు.

"బామ్మగారూ, ఎలా ఉన్నారు?" అన్నాడు పిల్లాడు, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా.

"నేనెవరికీ బామ్మను కాను. ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? నాకెవరూ అక్కర్లేదు, పొండి," అంది మేట్రన్.

ఆడపిల్ల భయపడి చెల్లెలి వైపు చూసింది. "అలాగే అంటుంది, కూర్చోండి," అని చెల్లెలు పార్కుకు వెళ్లిపోయింది.

వాళ్లు కూర్చున్నారు. ఏం మాట్లాడాలో స్కూల్లో చెప్పి పంపారు. "మీ చిన్నప్పటి కబుర్లు చెప్పండి," అంది పిల్ల. "మీకు పిల్లలెంతమంది?" అన్నాడు పిల్లాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. వాళ్లు కాసేపు ఫోనులు చూసుకున్నారు, ఆమెతో కలిసి ఒక ఫోటో తీసుకున్నారు, గంట కాగానే లేచారు. మూడో వారం పిల్ల ఆమె గోళ్లు తీసింది. చేతకాక బొటనవేలు చర్మం కోసేసింది. "సారీ బామ్మగారూ, నొప్పిగా ఉందా?" అని ఆ వేలు తన వేళ్ల మధ్య నొక్కి పట్టుకుని కూర్చుంది.

ఎవరైనా తన చెయ్యి అలా పట్టుకుని ఎన్నేళ్లయిందో మేట్రన్‌కు గుర్తు రాలేదు. "లేదు. బాగానే తీస్తున్నావు. తియ్యి," అంది.

ఆ తర్వాత నోరు కొద్దిగా విప్పింది. అడ్డం తిరిగిన బిడ్డను తిప్పిన కథ ఒకటి చెప్పింది. పిల్లాడు ఫోను పక్కన పెట్టి విన్నాడు. ఆమె వాళ్ల పేర్లు అడిగింది. ఆ వారమంతా రెండు పేర్లూ లోలోపల అనుకుంటూ ఉంది, మరిచిపోకుండా. శనివారం పొద్దునే దువ్వెన కోసం మంచం పక్కన తడుముకునేది. చెల్లెలు చూసి, దువ్వెన చేతికిచ్చేది, ఏమీ అనేది కాదు.

వేసవి ముందు పిల్లలు వచ్చి, తమ వంతు అయిపోయిందని చెప్పారు. "మళ్లీ రారా?" అంది మేట్రన్. "బడి తెరిచాక వేరేవాళ్లు వస్తారు బామ్మగారూ," అని పిల్ల ఆమె భుజం తట్టింది. పిల్లాడు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు.

బడి తెరిచారు. పార్కు నుంచి శనివారం గొంతులు వినిపిస్తున్నాయి. మేట్రన్ తల దువ్వుకుని, దిండుకు చేరగిలబడి, తలుపు వైపు మొహం పెట్టి కూర్చుంది. ఎండ మంచం మీదికి వచ్చి దిగిపోయింది. పార్కు నుంచి చెల్లెలు వచ్చాక, ఎటో చూస్తూ అడిగింది, "ఆ పిల్లలు ఈసారి రాలేదేం?"

చెల్లెలు చేతులకు అంటిన మట్టి కడుక్కుంటూ, "మాస్టారు అడిగాడక్కా. నీకు ఇష్టం లేదని వద్దన్నాను. నాకెవరూ అక్కర్లేదు అన్నావుగా," అంది.

కావాలి అని చెప్పడానికి ఒక్క మాట చాలు. మేట్రన్ పెదవులు ఆ మాట కోసం కదిలాయి. చెల్లెలు తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది, వినడానికే అన్నట్టు, తొందరేమీ లేనట్టు. అక్క గొంతు సవరించుకుంది.

"మంచి పని చేశావు," అంది. "గోల. తలనొప్పి."

"అదే అనుకున్నాను," అని చెల్లెలు అన్నం వడ్డించడానికి వంటింట్లోకి వెళ్లింది.